వెలుపలికి తెరచుకొనే తలుపు

మా కళాశాల ఆవరణలో ఆగ్నేయమూలన ఒక పాత పెంకుటిల్లు ఉండేది. దానిని అందరం ‘పవర్ హౌస్’ అని పిలిచేవాళ్ళం. పేరు ఘనమైనదే కాని, లోపల ఉన్నవి ఒక డీజిల్ జనరేటరు, గోడ పొడవునా ఒక స్విచ్ బోర్డు. వెలుపల ఇనుప కంచె మధ్య ఒక ట్రాన్స్‌ఫార్మరు. వాస్తుశాస్త్రం చెప్పినట్లు అగ్నికి ఆగ్నేయ దిక్కును అప్పగించి, ఇక తమ బాధ్యత తీరినదని ఆనాటి పెద్దలు భావించి ఉంటారు. కరెంటు పోయినప్పుడల్లా ఆ ఇల్లు ఒక్కసారి హుంకరించేది. మరుక్షణమే తరగతి గదులలో పంకాలు తిరిగేవి. సగంలో ఆపిన పద్యాన్ని నేను మళ్ళీ అందుకొనేవాణ్ణి. ఇరవై ఏళ్ళకు పైగా ఆ ఇంటితో నా సంబంధం అంతమాత్రమే అని చెప్పగలిగితే ఎంత బాగుండేది!

2021లో ఆ పవర్ హౌస్‌ను పునర్నిర్మించాలని యాజమాన్యం నిర్ణయించింది. అందుకొక సంఘాన్ని నియమించారు. భౌతికశాస్త్ర అధ్యాపకులు ఒకరు, గణాంక విభాగం నుండి ఒకరు, మూడోవాణ్ణి నేను. ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసినవాడికి జనరేటరు గదితో పనేమిటని ప్రిన్సిపాల్‌గారిని అడిగాను. ఆయన నవ్వి, “సూత్రాలకు అర్థం చెప్పడం మీకు అలవాటే కదా మాస్టారూ! ఈ నిబంధనలు కూడా సూత్రాలలాంటివే. చదివి మాకు చెప్పండి” అన్నారు.

చదవడం ప్రారంభించాను. మన దేశంలో జాతీయ భవన నిర్మాణ నియమావళి మొదటిసారి 1970లో వెలువడింది. 1983, 2005, 2016 సంవత్సరాలలో దానిని సవరించారు. అందులో నాలుగవ భాగం పూర్తిగా అగ్ని నుండి ప్రాణరక్షణకు సంబంధించినది. దానితోపాటు విద్యుత్ భద్రతా నిబంధనలు వేరే ఉన్నాయి. ప్రిన్సిపాల్‌గారు అన్నమాట నిజమే. వ్యాకరణ సూత్రాలలో ఒక్క అక్షరం వ్యర్థంగా ఉండదంటారు. ఈ నిబంధనలు కూడా అలాగే పొడిపొడిగా, అంకెలతో నిండి ఉన్నాయి. కాని ఎందుకు అన్న ప్రశ్నకు వాటిలో సమాధానం కనిపించదు. దానిని వ్యాఖ్యాత వెదుక్కోవాలి.

నన్ను ఆపివేసిన సూత్రం ఒకటున్నది. 1956 నాటి విద్యుత్ నియమాలలో ఉండి, 2010 నాటి నిబంధనలలోకి కూడా వచ్చినది అది. స్విచ్ బోర్డు వెనుక తొడుగు లేని తీగల కలపులున్నట్లయితే, బోర్డుకూ గోడకూ మధ్య ఖాళీ 20 సెంటీమీటర్ల కంటె తక్కువైనా ఉండాలి, లేదా 75 సెంటీమీటర్ల కంటె ఎక్కువైనా ఉండాలి. ఎక్కువ ఉండమనడం అర్థమయింది. తక్కువ ఉండమనడమూ అర్థమయింది. మధ్య కొలతలను నిషేధించడమే అర్థం కాలేదు. ఇరవై అయితే మంచిది, డెబ్బయి అయిదు మించితే మంచిది, మరి నలభై ఎందుకు చెడ్డది? రెండు రోజులు ఆలోచించాను. సమాధానం పుస్తకంలో దొరకలేదు. మూడోనాడు పవర్ హౌస్‌కు వెళ్ళాను.

అక్కడ మా కరెంటు మేస్త్రి ఉన్నాడు. కళాశాలలో అతణ్ణి పేరుతో పిలిచేవారు తక్కువ. అందరికీ అతడు మేస్త్రి. నా సందేహం విని అతడు బోర్డు వెనుక సందును చూపించాడు.

“ఇది మూరెడు సందు మాస్టారూ. పక్కకు తిరిగి దూరితే దూరొచ్చు. వెనక్కి రావడమే కష్టం. జానెడే ఉందనుకోండి, ఎవడూ దూరడు. మూరన్నర పైన ఉందనుకోండి, దూరినవాడు నిలబడి పనిచేసుకుని నడిచి వస్తాడు. మధ్యలో ఉందంటే అది బోనండీ.”

సూత్రానికి వ్యాఖ్యానం దొరికింది. అది రాసినవారికి మనిషి శరీరం తెలుసు, అతని భయం తెలుసు, తొందరలో అతడు చేసే పొరపాటు తెలుసు. ఆ ఆనందంలో నేనుండగా, మేస్త్రి కుడిచేతి చొక్కా పైకి మడిచాడు. మోచేతి నుండి మణికట్టు దాకా చర్మం ముడుతలుపడి మెరుస్తున్నది.

“ఆరోజు ఇక్కడే ఉన్నానండి. బోర్డులో నిప్పురవ్వలు లేచాయి. గదంతా పొగ. సందులోంచి ఎలాగో బయటపడ్డాను. తలుపు దగ్గర కాగితాల కట్టలు దొర్లి అడ్డం పడ్డాయి. తలుపేమో లోపలికి లాగాలి. లాగితే రాదు. కట్టలు ఒక్కొక్కటే తీసి పక్కన పడేసే లోపల చెయ్యి కాలింది.”

ఎవరి కట్టలని నేను అడగలేదు. అతడూ చెప్పలేదు. ఆ కట్టలు ఇంకా ఆ మూలనే ఉన్నాయి. వాటిమీద ‘తెలుగు శాఖ’ అని నల్లసిరాతో రాసి ఉన్నది. ఆ చేతివ్రాత నాదే.

గ్రంథాలయంలో చోటు చాలక, పాత వార్షిక సంచికలను, సదస్సుల ప్రత్యేక సంచికలను, దిద్దిన జవాబు పత్రాలను ఎక్కడో ఒకచోట ఉంచమని కార్యాలయాన్ని నేనే కోరాను. తడి తగలని చోటని పవర్ హౌస్ మూలను చూపించారు. నేను సంతోషించాను. 2011 ఏప్రిల్‌లో ఆ ప్రమాదం జరిగిననాడు, పరీక్ష హాలులో ఉన్న నేను పరుగెత్తుకొని వెళ్ళాను. పొగ తగ్గుతున్నది. మేస్త్రి చెట్టు కింద కూర్చొని ఉన్నాడు. ఎవరో అతని చేతిమీద నీళ్ళు పోస్తున్నారు. నేను నోరు తెరచి అడిగిన మొదటి ప్రశ్న నాకు ఇప్పటికీ గుర్తున్నది. “పుస్తకాలకేమీ కాలేదు కదా?” అన్నాను.

ఆ మరుసటి వారం అగ్నిమాపక అధికారి ఒకరు తనిఖీకి వచ్చారు. ఆయన కొలతల కంటె ముందు మూడు ప్రశ్నలు అడిగారు. ఈ గదిలో కాలేవి ఏమున్నాయి? నిప్పు పుడితే మనిషి ఎటు పోవాలి? పొగ ఎటు పోతుంది? మొదటి ప్రశ్నకు మా కట్టలు సమాధానం చెప్పాయి. జనరేటరు నుండి ఏళ్ళ తరబడి చిందిన డీజిల్‌ను అవి పీల్చుకొని ఉన్నాయి. రెండో ప్రశ్నకు సగమే తెరచుకొనే తలుపు సమాధానం చెప్పింది. మూడో ప్రశ్నకు ఆయనే గోడలోని రంధ్రాలను చూపించారు. కేబుళ్ళు పోవడానికి తొలిచిన ఆ రంధ్రాల గుండా అవతల ప్రయోగశాల దీపం కనిపిస్తున్నది.

“మంట కంటె పొగ ముందు వస్తుంది. మంటను మనిషి చూసి తప్పుకొంటాడు. పొగలో దారి కనిపించదు” అని ఆయన రెండు ఉదాహరణలు చెప్పారు. 1997 జూన్ 13న ఢిల్లీలోని ఉపహార్ సినిమా హాలులో 59 మంది మరణించారు. మంట మొదలైనది కింది అంతస్తులో వాహనాలు నిలిపేచోట ఉన్న ట్రాన్స్‌ఫార్మరు దగ్గర. ప్రాణాలు పోయినది పైన బాల్కనీలో. అక్కడ అదనపు కుర్చీల కోసం దారులను ఇరుకు చేశారు. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు చెలరేగినప్పుడు సొరంగమంతా పొగ కమ్ముకొన్నది. తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. వారు ఆ యంత్రాల సంగతి తెలియనివారు కారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నేను పరిశోధన చేసినది ఆదిపర్వం మీద. లక్క ఇంటి కథను ఎన్నో ఏళ్ళుగా తరగతిలో చెబుతున్నాను. లక్క, నెయ్యి, జనుము వంటి దహన పదార్థాలతో పురోచనుడు ఆ ఇంటిని కట్టించాడు. లోపల అడుగుపెట్టిన ధర్మరాజు గోడల వాసన చూసి ఆ మోసాన్ని గ్రహించాడు. విదురుడు పంపిన ఖనకుడు సొరంగం తవ్వి రెండో దారి ఏర్పరచాడు. కాలే వస్తువులను గుర్తించడం, బయటపడే దారిని ముందే సిద్ధం చేసుకోవడం ఆ కథలో ఎంత స్పష్టంగా ఉన్నాయి! ధర్మరాజు పసిగట్టిన వాసన గొప్పతనాన్ని వర్ణించిన నేను, నా కట్టలనుండి వచ్చే డీజిల్ వాసనను పసిగట్టలేకపోయాను.

ఆ కథలో మరొక సంగతి ఉన్నది. ఆ రాత్రి విందుకు వచ్చిన ఒక నిషాద స్త్రీ, ఆమె ఐదుగురు కొడుకులు ఆ ఇంటిలోనే నిద్రించి అగ్నికి ఆహుతయ్యారు. సొరంగం సంగతి పాండవులకు తెలుసు. ఆమెకు తెలియదు. ఆమె పేరును కూడా కథ మనకు చెప్పదు. పాండవులు తప్పించుకొన్నారన్న సంతోషంలో నేను ఆమెను ప్రతి సంవత్సరం రెండు వాక్యాలలో దాటివేశాను. ఆ రాత్రి మాత్రం ఆమెను దాటి ముందుకు పోలేకపోయాను.

తుది సమావేశం జరిగింది. గుత్తేదారు అంచనా చదివాడు. జనరేటరు గదికి రెండు గంటలపాటు మంటను నిలువరించే గోడలు, తలుపులు. కేబుల్ రంధ్రాలను మంటకు లొంగని పదార్థంతో పూడ్చడం. డీజిల్ తొట్టి చుట్టూ, కారినా నేలమీద పారకుండా చిన్న గట్టు. ట్రాన్స్‌ఫార్మరు కింద నూనెను ఇముడ్చుకొనే కంకర గుంట. బోర్డు ముందు మీటరుకు తగ్గని ఖాళీ, నేలపై విద్యుత్తును నిరోధించే రబ్బరు చాప. విద్యుత్తు వల్ల పుట్టిన మంటపై నీళ్ళు చల్లరాదు కనుక, కార్బన్ డయాక్సైడు, పొడి రసాయనం నింపిన సిలిండర్లు, ఇసుక బకెట్లు. ఇంతవరకు ఎవరికీ అభ్యంతరం లేదు. రెండో తలుపు దగ్గర చర్చ ఆగింది.

“నలుగురు కూడా ఉండని గదికి రెండు తలుపులెందుకండీ? పాత టేకు తలుపు బ్రహ్మాండంగా ఉంది. దాన్నే బిగిద్దాం. బయటికి తెరుచుకునేలా పెడితే వరండాకు అడ్డం కూడా” అన్నాడు గుత్తేదారు. ఖర్చు తగ్గుతుందని యాజమాన్య ప్రతినిధి తల ఊపారు. సంతకాల కాగితం నా ముందుకు వచ్చింది.

నేను కలం మూసి జేబులో పెట్టుకొన్నాను. 2011 నాటి సంగతి చెప్పాను. కట్టలు ఎవరివో చెప్పాను. ఆనాడు నేను అడిగిన మొదటి ప్రశ్నను కూడా చెప్పాను. పదిమంది పెద్దల ఎదుట ఆ మాట చెప్పడం నా జీవితంలో నేను చేసిన ఏ ఉపన్యాసం కంటెను కష్టమయింది. తరువాత ఇలా అన్నాను: “కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ప్రతి గృహస్థూ నీటి కుండలు, నిచ్చెన, గొడ్డలి, కొక్కెం సిద్ధంగా ఉంచుకోవాలని విధించాడు. ఇల్లు తగలబడుతుంటే ఆర్పడానికి పరుగెత్తని ఇంటి యజమానికి జరిమానా వేయమన్నాడు. అందులో అద్దెకున్నవాడికి వేయవలసినదాని కంటె యజమానికి రెట్టింపు వేయమన్నాడు. నలుగురు ఉండరన్నారు. నిజమే, ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడు ఎవరో మనందరికీ తెలుసు. రెండో తలుపు లేని కాగితంపై నేను సంతకం చేయలేను.”

కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు భౌతికశాస్త్ర అధ్యాపకులు, “వరండా వెడల్పు పెంచితే తలుపు అడ్డం రాదు” అని పటం తిప్పి చూపించారు. యాజమాన్య ప్రతినిధి నా వంక చూసి, “రాయండి” అన్నారు.

సభ ముగిశాక పవర్ హౌస్‌కు వెళ్ళాను. మేస్త్రి కట్టలను బయటికి మోస్తున్నాడు. నేనూ ఒక కట్ట ఎత్తుకొన్నాను. “మేస్త్రిగారూ, ఆనాడు ముందు మీ చేతిని గురించి అడగవలసింది” అన్నాను. పదేళ్ళు ఆలస్యంగా చెప్పిన మాట అది. ఆయన కట్టను నేలమీద దించి, చెమట తుడుచుకొన్నారు. “పుస్తకాలంటే మీకు ప్రాణం కదండీ” అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. నిష్ఠూరంగా అని ఉంటే నాకు కొంత ఊరట కలిగేది.

కొత్త పవర్ హౌస్ 2022లో సిద్ధమయింది. ప్రారంభోత్సవానికి ముందు అగ్నిమాపక అధికారి సూచనపై, గది నుండి బయటపడే అభ్యాసం చేయించారు. లోపల దీపాలు ఆర్పివేశారు. తలుపు మీద వెలిగే చిన్న గుర్తు తప్ప వెలుతురు లేదు. మేస్త్రిగారు బోర్డు వెనుక నుండి నడిచి వచ్చి, మచ్చ ఉన్న ఆ చేతితోనే తలుపును నెట్టారు. అది వెలుపలికి తెరచుకొన్నది. ఆయన ఎండలోకి వచ్చి నిలబడ్డారు. ఆ తరువాత కొద్దినెలలకే ఆయన పదవీ విరమణ చేశారు.

ఇప్పుడు లక్క ఇంటి కథ చెప్పేటప్పుడు నేను ఆ నిషాద స్త్రీ దగ్గర కొంతసేపు ఆగుతాను. విద్యార్థులు కారణం అడుగుతారు. దారి తెలిసినవాడు దానిని పక్కవాడికి కూడా చెప్పాలని వారితో అంటాను. నియమావళిలోని ప్రతి అంకె వెనుకా ఎక్కడో ఒక మనిషి బయటపడలేకపోయిన వేదన ఉంటుంది. ఆ వేదన మళ్ళీ కలగకూడదనే ఆ అంకెను రాసిపెట్టారు.

విద్యార్థులారా! ఈ పాఠం ముగించి పుస్తకం మూసే ముందు మీరు కూర్చున్న గది తలుపు ఎటు తెరచుకొంటుందో చూడండి. దానికి అడ్డంగా ఏమైనా ఉంటే లేచి తీసివేయండి. దానిపై మీ పేరే రాసి ఉన్నా సరే.