ఉప్పల్‌లో మెట్రో ఎక్కిన కలకత్తా పోలీసు

ఉప్పల్ రింగురోడ్డు దగ్గర మెట్రో ఎక్కితే మొదట స్టేడియం, తర్వాత ఎన్జీఆర్ఐ, ఆపైన హబ్సిగూడ. నాచారం వెళ్ళేవాళ్ళు అక్కడ దిగి ఆటో పట్టుకోవాల్సిందే. మూడంటే మూడు స్టాపులు. ఆ కాస్త ప్రయాణానికి మంచి తోడు కావాలా? అబీర్ ముఖర్జీ ఇంగ్లీషు నవల ‘ఎ రైజింగ్ మ్యాన్’ పట్టుకోండి.

2016లో వచ్చిన ఈ నవలలో కథాకాలం 1919, ఊరు కలకత్తా. కెప్టెన్ శామ్ విండమ్ తెల్లదొర. అతని పక్కన సార్జెంట్ సురేంద్రనాథ్ బెనర్జీ. ఆ పేరు నోరు తిరగక దొరలు ‘సరెండర్ నాట్’ అనేస్తారు. అతనూ పలుకుతాడు.

డిటెక్టివ్‌లు మనకు కొత్తా! కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన యుగంధర్, రాజుల కోసం అద్దె పుస్తకాల షాపుల చుట్టూ తిరిగిన తరం మనది. అక్కడ మజా అంతా హంతకుడెవరన్నదే. రాజు ఎప్పటికీ అసిస్టెంటే.

ఇక్కడ అలా కాదు. పుస్తకం పుస్తకానికీ ఏళ్ళు గడుస్తాయి, మనుషులు మారతారు. మూడో నవల ‘స్మోక్ అండ్ యాషెస్’ నాటికి 1921 వస్తుంది. బయట సహాయ నిరాకరణోద్యమం, ఒంటి మీద దొరల పోలీసు ఉద్యోగం. బెనర్జీ ఎటువైపు? ఐదో నవల ‘ది షాడోస్ ఆఫ్ మెన్’లో హత్యానేరం అతని మీదే పడుతుంది. అంతవరకూ విండమ్ చెప్పిన కథలో సగం మొదటిసారి బెనర్జీ తన నోటితో చెబుతాడు. మొదటి పుస్తకం నుంచీ వెంట నడిచిన పాఠకుడికి అసలు బహుమతి అదే.

ఉప్పల్ కథ కూడా ఇలా సంపుటాలుగానే సాగింది. 1961లో ఎన్జీఆర్ఐ, 2005 నవంబరు 16న స్టేడియంలో తొలి వన్డే, 2017 నవంబరులో మెట్రో. నాచారంలో ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియో ఒకవైపు, పారిశ్రామికవాడ మరోవైపు. ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికొచ్చిన కుర్రాడికి ఎక్కడైనా మనం పెట్టే పేరు ‘ఛోటూ’. పదేళ్ళు గడిచి, మెషీన్ మొత్తం అతని చేతిలోకొచ్చినా ఛోటూనే. అసలు పేరు అడిగేవాళ్ళెందరు? బెనర్జీని చదివాక ఆ పిలుపు చెవిలో కాస్త గుచ్చుకుంటుంది.

2025లో ఆరో నవల ‘ది బర్నింగ్ గ్రౌండ్స్’ కూడా వచ్చింది. ఒక్కటే మాట, వరస తప్పొద్దు. నేరుగా ఐదోది అందుకుంటే హంతకుడు దొరుకుతాడేమో గానీ, బెనర్జీ దొరకడు.