గుర్రప్పందేల పెత్తనం
అనంతపురం సీమలో రేస్‌కోర్సు లేదు. హిందూపురం వైపు పందెంరాయుళ్లకు దగ్గరిది బెంగళూరు టర్ఫ్ క్లబ్బే. దేశం మొత్తానికి ఒకే నియంత్రణ సంస్థ లేకపోవడమే ఈ రంగంలో అసలు చిక్కు. పందేలు నడిపేదీ, జాకీలకు, ట్రైనర్లకు లైసెన్సులిచ్చేదీ, గుర్రాన్ని కావాలని వెనక్కి లాగారంటే స్టీవార్డులతో (పందేల పర్యవేక్షకులతో) విచారణ జరిపించేదీ ఎక్కడికక్కడ క్లబ్బే. టోట్ (పందేల సొమ్మంతా ఒకచోట చేర్చి గెలిచినవారికి పంచే ఏర్పాటు) మీద వచ్చే కమిషనూ దానికే. తగవు తీర్చే పెద్దమనిషికే తగవులో వాటా అన్నమాట!

గుర్రప్పందెం నైపుణ్యపు ఆటేనని 1996లో సుప్రీంకోర్టు తేల్చింది. పన్ను దగ్గర మాత్రం జూదంతో సమానమే: 2023 అక్టోబరు నుంచి పందెం మొత్తంపై 28 శాతం జీఎస్టీ, 2025 సెప్టెంబరు నుంచి 40. డబ్బు దొంగ బుకీల వైపు మళ్లడానికి ఇంతకన్నా ఏం కావాలి?

2024లో కర్ణాటక ప్రభుత్వం బెంగళూరు క్లబ్బుకు లైసెన్సు నిరాకరించింది; వ్యవహారం హైకోర్టుకెక్కింది. లైసెన్సు లేక పందేలు ఆగినా లాయంలో దాణా ఖర్చు, గుర్రాన్ని చూసుకునే సాయీసు జీతం ఆగవు.