పట్టికలో పట్టని లోహం

నవల సగంలో ఉండగానే చివరి పేజీలో ఏముందో నాకు తెలిసిపోయిందనుకోవడం నా పాత జబ్బు. డిటెక్టివ్ నవలలతో మొదలై, ఎపిక్ ఫాంటసీలోకి వచ్చాక ముదిరింది. డిటెక్టివ్ నవలలో తేల్చాల్సింది హంతకుడొక్కణ్ణే. ఫాంటసీలో అయితే మంత్రాలెలా పనిచేస్తాయో, వాటికి శక్తి ఎక్కణ్ణుంచి వస్తుందో, దేవుళ్లెందరో, వాళ్లలో అబద్ధమాడేదెవరో, అన్నీ తేల్చుకోవచ్చు. సిద్ధాంతాలు అల్లుకునేవాడికి ఇంతకంటే ఏం కావాలి?

నన్ను పూర్తిగా పాడుచేసింది మాత్రం బ్రాండన్ శాండర్సన్. 2007లో ఆయన ఒక వ్యాసంలో తన మొదటి సూత్రం ప్రకటించాడు. మంత్రశక్తి పాఠకుడికి ఎంత బాగా అర్థమైతే, ఆ శక్తితో కథలోని చిక్కును విప్పడం అంత బాగా కుదురుతుందని దాని సారాంశం. ఆపద ముంచుకొచ్చినప్పుడు హీరో చెయ్యి ఊపగానే పిడుగు పడితే కుదరదు, ఆ పిడుగు సంగతి మనకు ముందే తెలిసుండాలి. ఆ సూత్రాన్ని రచయిత నా పేరున రాసిచ్చిన ప్రామిసరీ నోటు అనుకున్నాను.

ఆయన 'మిస్ట్‌బార్న్' నవలలు మూడు 2006, 2007, 2008లో వరసగా వచ్చాయి. అందులోని విద్య పేరు అలొమాన్సీ. లోహపు రజను మింగి, కడుపులో దాన్ని 'మండించి' శక్తి తెచ్చుకుంటారు. తగరం మండిస్తే కళ్లూ చెవులూ పదునెక్కుతాయి. ప్యూటర్ మండిస్తే ఒంటికి బలం వస్తుంది. ఉక్కు మండిస్తే దగ్గర్లో ఉన్న లోహాన్ని నెట్టొచ్చు, ఇనుము మండిస్తే లాగొచ్చు. నెట్టే వస్తువు మనకంటే బరువైనదైతే అది కదలదు, మనమే వెనక్కి పోతాం. అందుకే కథానాయిక విన్ ఒక నాణేన్ని నేలమీదికి విసిరి, అది నేలకు ఆనగానే దాన్ని కిందికి నెట్టి, తాను మేడల మీదుగా ఎగిరిపోతుంది. మంత్రం పేరు చెప్పి న్యూటన్ మూడో సూత్రం నడిపించాడాయన. ఇలాంటిది చదివి చేతులు ముడుచుకుని కూర్చోవడం నావల్ల కాలేదు.

పట్టిక వేశాను. నవల చివర్లో రచయితే ఒకటి ఇచ్చాడు గానీ, అది నాకు చాల్లేదు. ప్రతి లోహానికీ ఒక మిశ్రమలోహం జోడీ: ఇనుముకు ఉక్కు, తగరానికి ప్యూటర్, జింకుకు ఇత్తడి, రాగికి కంచు. చివరికి మిగిలినవి బంగారం, ఆటియం. బంగారం మండిస్తే గతానికి సంబంధించిన మన రూపం కనిపిస్తుంది. ఆటియం మండిస్తే ఎదుటివాడు మరుక్షణం ఏం చేయబోతున్నాడో కనిపిస్తుంది. ఒకటి గతం, ఒకటి భవిష్యత్తు, జోడీ కుదిరిందనుకున్నాను. ఆటియం బంగారానికి మిశ్రమలోహం కాదు కదా, మరి నేను పెట్టుకున్న రూలు ఏమైనట్టు? మినహాయింపు అనుకుని దాటేశాను. ఖాళీ గళ్లకు తోచిన లోహాల పేర్లు పెట్టి, మొత్తం పదహారు రావాలని లెక్క తేల్చాను. అప్పుడే మొదటి నవల చేతపట్టిన మా తమ్ముడికి ఆ పట్టిక ఇచ్చి, ఇదే జరగబోతోందని చెప్పాను. ఊహ అని చెప్పలేదు.

(ఇక్కడి నుంచి కథ చెప్పేస్తున్నాను. చదవాలనుకునేవాళ్లు ఈ పేజీ తిప్పేయండి, నేనేమీ అనుకోను.)

మూడో నవలలో తేలిందేమిటంటే, ఆటియం ఆ పదహారింటిలో లేదు. రూయిన్ అనే వినాశక దేవుడి శరీరం లోహరూపంలో దొరికితే జనం దాన్ని ఆటియం అన్నారు. దాన్ని అతనికి దొరక్కుండా దాచింది ప్రిజర్వేషన్ అనే రెండో దేవుడు. పదహారు అన్న అంకె ఒక్కటే నేను సరిగ్గా పట్టింది. అది ప్రిజర్వేషన్ వదిలిన ఆనవాలు. ఆ లోకాన్ని కమ్మే పొగమంచు సోకినవాళ్లలో నూటికి సరిగ్గా 16 మంది జబ్బుపడటం కూడా అందుకే.

రచయిత మోసం చేశాడని ఎగిరాను. తమ్ముడింకా మొదటి నవలలోనే ఉన్నాడన్న సంగతి కూడా మరిచి, వాడి ముందు మొత్తం కక్కేశాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత తన పుస్తకంలో వెనక్కి నాలుగు పేజీలు తిప్పి, "అన్నయ్యా, ఇది రాళ్లలో మొలుస్తుందని ఇక్కడే రాశాడు కదా. లోహం ఎక్కడైనా మొలుస్తుందా?" అన్నాడు.

ఉంది. హాత్సిన్ గనుల్లో స్ఫటికాల మధ్య చిన్న గుండ్రటి రాళ్లు పుడతాయి, ఒక్కోదాన్ని పగలగొడితే లోపల ఆటియం పూస. ఆ స్ఫటికాలు విరిగితే మళ్లీ పెరగడానికి వందల ఏళ్లు పడుతుంది. ఆ పట్టికలోని మిగతా లోహాలన్నీ మన భూమ్మీద దొరికేవే, ఇదొక్కటే దొరకదు. జోడీ రూలుకూ లొంగదు. మూడు ఆధారాలూ మొదటి నవలలోనే పెట్టాడాయన. నోటు చెల్లించాడు. నాకు పనికిరాని ఆధారాలను మినహాయింపుల ఖాతాలో వేసుకున్నది నేను.

అంతకంటే పెద్ద పొరపాటు దేవుడి విషయంలో జరిగింది. లోహం మీద లేని ఏ రాతనైనా రూయిన్ మార్చగలడు. ఆ లోకపు జోస్యాలను తనకు అనువుగా తిరగరాసింది అతనే. వాటిని నమ్మే విన్ రెండో నవల చివర అతణ్ణి చెర నుంచి వదిలిపెడుతుంది. ఆ నవల మొదట్లోనే ఒకడు తన మాటలను ఉక్కు మీదే ఎందుకు చెక్కుతున్నాడో చెబుతాడు. నేనది వాతావరణం కోసం రాసిన వాక్యం అనుకున్నాను. విన్ చెవికి మొదటినుంచీ ఒక పోగు ఉంటుంది. ఆమె తలలో ఎప్పుడూ అన్న గొంతు వినిపిస్తుంటుంది. అనాథ పిల్ల భయాన్ని ఎంత బాగా చిత్రించాడో అని మెచ్చుకున్నాను కూడా. ఒంట్లో దిగిన లోహం ద్వారా రూయిన్ మాట్లాడతాడని, ఆ చెవిపోగు అలాంటిదేనని చివరికి గానీ తెలియలేదు. పుస్తకంలో అచ్చయిన ప్రతి మాటా నిజమే అయ్యుంటుందన్న ధీమాతో, అబద్ధాలాడే దేవుడున్న కథకు లెక్కలు కట్టాను.

హిరణ్యకశిపుడు చేసిందీ ఇదే. మనిషి చేతిలో, మృగం చేతిలో చావకూడదు, పగలు రాత్రి కాకూడదు, ఇంటా బయటా కాకూడదని గళ్లన్నీ నింపుకున్నాడు. నరసింహుడు అందులో ఒక్క షరతూ మీరలేదు. వరం బాగానే రాయించుకున్నాడు గానీ, కొడుకు పక్షాన నిలబడింది ఎవరో చూసుకోలేదు. రూయిన్ కూడా ఒకప్పుడు ఆటి అనే పేరున్న మనిషి. 2010లో వచ్చిన 'ద వే ఆఫ్ కింగ్స్'లోని ఒక లేఖను బట్టి చూస్తే మంచివాడు, దయగలవాడు. మోసిన శక్తే అతణ్ణి మార్చేసింది. లోహం పేరులో అతని పేరు ఉండనే ఉంది. శక్తికి నియమాలుంటాయి, లెక్క కట్టొచ్చు. దాన్ని మోసేవాడికి మనసుంటుంది. నా పట్టికలో దానికి గడి లేదు.

అలాంటి నోటు రాసివ్వని రచయితల దగ్గరా బాకీ వసూలుకు వెళ్లాను, అది ఇంకో తెలివితక్కువతనం. రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్'లో అస్మోడియన్ అనే పాత్రను ఎవరు చంపారన్నది 1993 నాటి ప్రశ్న. జవాబు చెప్పకుండానే 2007లో జోర్డాన్ పోయాడు. ఆ సిరీస్‌ను పూర్తిచేసిన శాండర్సన్ 2010లో 'టవర్స్ ఆఫ్ మిడ్‌నైట్' చివర పదకోశంలో గ్రెండాల్ పేరు కింద ఒక ముక్కలో తేల్చేశాడు. అన్నేళ్ల వాదనలకు దక్కింది అదే. టోల్కీన్ సృష్టించిన టామ్ బాంబడిల్ సాక్షాత్తూ సృష్టికర్తేనని నేను గట్టిగా వాదించేవాణ్ణి. 1954 నాటి ఒక లేఖలో టోల్కీన్, బాంబడిల్‌ను కావాలనే చిక్కుముడిగా వదిలేశానని రాసుకున్నాడు. ఆయనే విప్పనన్నదాన్ని విప్పడానికి కూర్చున్నాను.

తమ్ముడు 'మిస్ట్‌బార్న్' పూర్తిచేయలేదు. ఆటియం ఏమిటో తెలిశాక ఇంకేముంది అన్నాడు. సిద్ధాంతం తప్పయినందుకు నాకిప్పుడు సిగ్గులేదు. ఆ మలుపు దగ్గర వాడికి దక్కాల్సిన ఆశ్చర్యాన్ని తినేసినందుకు ఉంది. సిద్ధాంతాలు మానలేదు. 2024 డిసెంబరులో వచ్చిన 'విండ్ అండ్ ట్రూత్' మీద కూడా నోటుబుక్కులో చాలానే రాసుకున్నాను, ఎవరికీ చూపించడం లేదు.

'మిస్ట్‌బార్న్' మొదలుపెట్టబోయేవాళ్లకు ఒక్క మాట. 2016లో వచ్చిన 'సీక్రెట్ హిస్టరీ' అనే చిన్న నవల ఉంది. పేరు చూసి ముందు అదే చదవాలనిపిస్తుంది. మూడు నవలలూ ముగిసేదాకా దాన్ని ముట్టుకోకండి. నాలాంటి వాడెవడైనా పట్టిక తెచ్చి ఇస్తే అది కూడా అప్పటిదాకా తెరవకండి.