వెళ్లిన పిల్లకి తిరిగొచ్చే దారి ఉందా?



పోయిన వారం డుంబ్రిగుడలో టీ కొట్టు దగ్గర ఒక కుర్రాడు నన్ను ఆపాడు. ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి. ఫుట్‌బాల్ బాగా ఆడతాడు. మైదానంలో ఒక పెద్ద స్పోర్ట్స్ హాస్టల్ వాళ్లు సెలక్షన్స్ పెడితే పేరొచ్చింది. "అన్నా, వెళ్లమంటావా?" అన్నాడు.

వెంటనే అవుననలేకపోయాను. ఎందుకో ఈరోజు చెప్పాలి.

ఆరేళ్ల కిందట ఇదే మండలం నుంచి ఒక అమ్మాయిని నేనే దగ్గరుండి పంపించాను. పరుగులో జోనల్ మీట్ అంతా ఆమెదే. తండ్రి కాఫీ తోటలో మిరియాలు కోస్తూ ఒక్కటే అడిగాడు: "ఇక్కడైతే మా కళ్ల ముందుంటాది. అక్కడ దానికేటైనా అయితే ఎవులు సూస్తారు బాబూ?" నేను నవ్వాను. "పెద్ద సంస్థ. వాళ్లే చూసుకుంటారు" అన్నాను. నిజానికి ఆ సంగతి నేను ఎవరినీ అడగలేదు.

మొదటి ఏడాది బాగానే గడిచింది. గుడ్లు, పాలు, స్పైక్స్ బూట్లు, మంచి ట్రాక్. తర్వాత మోకాలు వాచింది. రెస్ట్ తీసుకోమన్నారు. స్కానింగ్ మాట ఎవరూ ఎత్తలేదు. మరుసటి ఏడాది జాబితాలో ఆమె పేరు లేదు. టీసీ చేతిలో పెట్టి బస్సెక్కించారు. ఇక్కడికొస్తే పాత బడిలో ఆమె సీటు వేరే పిల్లకి వెళ్లిపోయింది. ఒక ఏడాది చదువు పోయింది. ఆ తర్వాత బడికి వెళ్లనంది. ఇప్పుడు తండ్రితో తోట పనికి వెళ్తోంది. ఎదురైతే "బాగున్నావా అన్నయ్యా" అంటుంది. తండ్రి ఇప్పటిదాకా నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

అయితే వెళ్లొద్దని చెప్పాలా? అదీ అన్యాయమే. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజిని చూడండి. తండ్రి సెక్యూరిటీ గార్డు, తల్లి ఇళ్లల్లో పనిచేసేది. 2016లో హైదరాబాద్‌లో కోచ్ నాగపురి రమేశ్ దగ్గరకు వెళ్లింది. అక్కడినుంచి గుంటూరు, ఆ తర్వాత భువనేశ్వర్‌లో జేమ్స్ హిల్లియర్ దగ్గర శిక్షణ. 2022 మే 10న సైప్రస్‌లో వంద మీటర్ల హర్డిల్స్ 13.23 సెకన్లలో పరిగెత్తి, ఇరవై ఏళ్లుగా అనురాధా బిస్వాల్ పేరున ఉన్న 13.38 రికార్డు చెరిపేసింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఆ పోటీలో దిగిన మొదటి భారతీయురాలు ఆమే. విశాఖలోనే ఉండిపోతే ఇదంతా జరిగేది కాదేమో.

2025లో ఆమె మోకాలు కూడా దెబ్బతింది. ఆమెకి సర్జరీ జరిగింది. మా అమ్మాయికి స్కానింగే జరగలేదు. ఇద్దరూ ఊరు విడిచి పెద్ద చోటుకి వెళ్లినవాళ్లే. గాయపడిన రోజున ఆ చోటు ఎవరి పక్కన నిలబడిందన్నదే తేడా.

అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ ఆటగాళ్ల విషయంలోనూ ఇదే చర్చ. ఒకప్పుడు చిన్న కాలేజీ నుంచి పెద్ద కాలేజీకి మారితే ఒక సీజన్ ఆడకుండా కూర్చోవాలి. 2021లో ఆ నిబంధన సడలించారు, మారడం తేలికైంది. మంచిదే, ఆటగాడికి ఎక్కడ ఆడాలో ఎంచుకునే హక్కుండాలి. కానీ మారతానని పేరు నమోదు చేసుకుంటే పాత కాలేజీ స్కాలర్‌షిప్ ఆపేయొచ్చు. కొత్త కాలేజీ దొరకనివాళ్లు రెంటికీ చెడ్డ రేవళ్లవుతారు. పెద్ద కాలేజీలో చోటు దొరికినా మైదానంలోకి దిగే అవకాశం రాక బెంచీ మీద మిగిలేవాళ్లూ ఉంటారు.

మన బాబాసాహెబ్ జీవితంలో ఈ ప్రశ్నకి ఒక జవాబుంది. బరోడా స్కాలర్‌షిప్‌తో 1913లో కొలంబియాకి, 1916లో లండన్‌కి వెళ్లారు. 1917లో స్కాలర్‌షిప్ అయిపోయింది. చదువు మధ్యలో వదిలి రావలసి వచ్చింది. బరోడాలో ఉద్యోగమైతే ఉంది గానీ, అంటరానివాడని తలదాచుకోడానికి గది దొరకనివ్వలేదు. అయినా ఆ చదువు అక్కడితో ఆగలేదు. నాలుగేళ్లలోపు తిరిగొచ్చి పూర్తి చేసుకోవచ్చని లండన్ విశ్వవిద్యాలయం అనుమతి ఇచ్చింది. బొంబాయిలో పాఠాలు చెప్పి కూడబెట్టిన డబ్బు, షాహూ మహరాజ్ సాయం కలుపుకుని 1920లో మళ్లీ వెళ్లారు. 1923లో డీఎస్సీ పట్టా తీసుకున్నారు. ఆయన మేధస్సు ఎంత గొప్పదైనా, ఆ అనుమతి లేకపోతే ఆ దారి మూసుకుపోయేదే. మా అమ్మాయికి అలాంటి కాగితం ఎవరిచ్చారు?

ఇంకో మాట. ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఒక దేశపు క్లబ్బు ఇంకో దేశపు క్లబ్బు నుంచి ఆటగాణ్ణి కొంటే, ఆ సొమ్ములో ఐదు శాతం, అతన్ని 12 నుంచి 23 ఏళ్ల దాకా తీర్చిదిద్దిన క్లబ్బులకు పంచాలని ఫిఫా నియమం. మన కొండల్లో? గోల్‌పోస్టుకి వెదురు కర్రలు పాతి ఆట నేర్పిన పీఈటీకి పిల్లాడి ఫొటో కూడా రాదు. ఆ బడికి కొత్త బంతి కూడా రాదు. మంచి ఆటగాళ్లు కిందికి వెళ్లిపోతారు, బడి ఉన్నచోటే ఉండిపోతుంది.

అందుకే ఆ కుర్రాడికి వెళ్లమనీ, వద్దనీ చెప్పలేదు. మర్నాడు వాళ్ల నాన్నని, పీఈటీ సారుని తీసుకుని ఆ హాస్టల్ వాళ్లతో ఫోన్లో మాట్లాడాం. మూడు అడిగాం. దెబ్బ తగిలితే వైద్యం ఖర్చు ఎవరిది? ఆటలో తీసేసినా పదో తరగతి అయ్యేదాకా అక్కడే చదివిస్తారా? లేదంటే ఇక్కడి సీటు తిరిగి దొరికేలా ముందే రాసిస్తారా? మొదటి రెండింటికీ నోటితో "చూస్తాం సార్" అన్నారు. మూడోదానికి "ఇలా ఎవరూ అడగలేదే" అన్నారు.

ఎవరూ అడగలేదన్నది నిజమే. ఆరేళ్ల కిందట నేనూ అడగలేదు.

యూనివర్సిటీల్లో చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ ఊళ్లో ఏ పిల్లకైనా సెలక్షన్ వస్తే శుభాకాంక్షల పోస్టు పెట్టే ముందు ఆ ఫారం తెప్పించి చదవండి. తల్లిదండ్రులు వేలిముద్ర వేసేముందు పక్కన కూర్చోండి. ఈ మూడు ప్రశ్నలూ రాతపూర్వకంగా అడగండి.

ఆ కుర్రాడు రోజూ ఫోన్ చేస్తున్నాడు. "కాగితం వచ్చిందా అన్నా?" అంటాడు. ఇంకా రాలేదు. వస్తే నేనే బస్సెక్కిస్తాను. రాకపోతే ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను. ఈసారి మాత్రం "వాళ్లే చూసుకుంటారు" అనను.