పొట్టలో విత్తనం వేస్తే సరిపోదు, ఎరువు కూడా పడాలి



తెనాలిలో మందుల షాపుకెళ్లినా, రేపల్లెలో రొయ్యల మేత కొట్టుకెళ్లినా ఈమధ్య ఒకటే మాట, ప్రోబయోటిక్. అక్కడ మనిషికి, ఇక్కడ రొయ్యకి. పేగు బాగుంటే ఇమ్యూనిటీ బాగుంటుందని రెండుచోట్లా చెబుతున్నారు. ఆ మాట అబద్ధం కాదు. ఎంతవరకు నిజమో తెలుసుకుని డబ్బు పెడదాం.

ప్రోబయోటిక్ అంటే మేలు చేసే బతికున్న సూక్ష్మజీవులు. ప్రీబయోటిక్ అంటే వాటి తిండి. మనకి అరగని పీచు పెద్దపేగు దాకా పోయి వాటికి మేత అవుద్ది. ట్రైకోడెర్మాని మాగిన పశువుల ఎరువులో, వేపపిండిలో కలిపి, నీళ్లు చల్లి, వారం పది రోజులు నీడన ఉంచి పొలానికి వేస్తాం కదా, ఇదీ అంతే. ఒట్టి ఎండునేల మీద ఆ పొడి చల్లితే ఏమవుద్దో మీకు తెలిసిందే.

ఇమ్యూనిటీకి పేగుతో పనేంటి అంటారా? మన రోగనిరోధక కణాల్లో చాలా భాగం పేగు చుట్టూనే ఉంటాయి. సూక్ష్మజీవులు పీచుని పులియబెడితే బ్యుటిరేట్ లాంటి ఆమ్లాలు పుడతాయి. పెద్దపేగు గోడకి అదే ముఖ్యమైన తిండి. ఆ గోడ గట్టిగా ఉంటే చెడ్డ క్రిములు రక్తంలోకి దూరడం కష్టం.

దీనికి పెద్ద రుజువు పక్కనున్న ఒడిశా పల్లెల్లోనే దొరికింది. డాక్టర్ పినాకి పాణిగ్రాహి బృందం 4,500 మందికి పైగా పసిపిల్లల మీద పరీక్ష చేసి 2017లో ఫలితాలు ప్రకటించింది. సగం మందికి 7 రోజులు లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్, దాని మేతగా ఎఫ్‌ఓఎస్ అనే పీచు కలిపి ఇచ్చారు. రక్తానికి ఇన్ఫెక్షన్ రావడం లేదా చనిపోవడం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది.

కానీ వాళ్లు వాడింది ఒకే ఒక్క రకం, లెక్క ప్రకారం, ఆరోగ్యంగా పుట్టిన బిడ్డలకి. అదే నెలలు నిండని బిడ్డలకి ఇలాంటివి ప్రమాదం కావచ్చని 2023లో అమెరికా మందుల సంస్థ ఆసుపత్రులను హెచ్చరించింది.

బాపట్లలో పుట్టిన బీపీటీ 5204ని మనం నంబరు చూసే కొంటాం. ఉత్త 'వరి' అని రాసిన బస్తా ఎవరైనా కొంటారా? ఉత్త 'లాక్టోబాసిల్లస్' అని రాసిన డబ్బా కూడా అలాంటిదే. రకం నంబరు, గడువు దాకా బతికుండే క్రిముల లెక్క, ఏ జబ్బుకి పరీక్షించారన్నది అడగాలి.

మా ఇంట్లో ఆమెకి యాంటీబయోటిక్ వాడాక విరేచనాలైతే డాక్టరుగారు కొద్దిరోజులకి పొడి రాశారు, తగ్గింది. ఆ తర్వాత మా ఊరికి ఒకాయన వచ్చి, షుగరుకి, మోకాళ్లకి, ఇమ్యూనిటీకి అన్నిటికీ ఆరు నెలల కోర్సు అని డబ్బాలు అమ్మాడు. ఏ రకం క్రిమి అని అడిగితే జవాబు లేదు. మా బాబాయి షుగర్ బిళ్లలు ఆపేసి అదే వాడతానని కూర్చున్నాడు. "డబ్బా కొంటే కొన్నావు గానీ బిళ్లలు ఆపమాక బాబాయ్" అని బతిమాలాల్సి వచ్చింది. నాకు భయమేసేది అక్కడే. డబ్బు పోతే మళ్లీ పంటకి సంపాదించుకుంటాం.

రొయ్యల సోదరులకీ ఒక మాట. రొయ్యకి మనలా యాంటీబాడీలు తయారవవు కాబట్టి పేగు బలం దానికి ముఖ్యమే. అయితే బాసిల్లస్ పొడి తెల్లమచ్చకి మందు కాదు. క్లోరిన్ కొట్టిన నీళ్లలో ఆ ఘాటు పోకుండా కలిపితే అది చస్తుంది. కలిపాక ఏరేటర్లు తిప్పండి, ఆ క్రిములు కూడా ఆక్సిజన్ తీసుకుంటాయి.

ఇక రోజూ కావలసిన మేత మన పొలాల్లోనే ఉంది. మినుములు, పెసలు, కొల్లూరు లంకల అరటికాయ, ఉల్లి, వెల్లుల్లి. ఎఫ్‌ఓఎస్ ఉల్లిపాయలో ఉన్నదే. చల్లారిన అన్నంలో అరగని పిండి కొంత పెరుగుద్ది, కాబట్టి శుభ్రమైన గిన్నెలో పెట్టిన చద్దన్నం, మజ్జిగ, పక్కన ఉల్లిపాయ మంచి తిండే. షుగరు ఉన్నోళ్లు అన్నం కొలత చూసుకోండి.

పొడి అవసరమైతే డాక్టరు రాసినన్ని రోజులు వాడండి. ఒంట్లో నిరోధక శక్తి బాగా తగ్గినవాళ్లు, కేన్సర్ మందులు వాడేవాళ్లు అడగకుండా ముట్టొద్దు. ఎవరు ఏ డబ్బా అమ్మినా, వాడే బిళ్లలు మాత్రం ఆపొద్దు.