పెట్టె లోపలి కొలత

ముప్ఫై ఏళ్లు నల్లగొండలో పిల్లలకు ఘనపరిమాణాలు చెప్పి రిటైరైన లెక్కల మేష్టర్ని నేను. అలాంటివాణ్ణి ఒక చెక్కపెట్టె కొలతలో తప్పుతానని ఎవరైనా అంటే నవ్వి ఊరుకునేవాణ్ణి. కాని తప్పాను. ఆ ముచ్చటే ఇది.

కిందటి వేసవిలో మావాడు కారులో పెట్టడానికి సబ్‌ఊఫర్ కొనుక్కొచ్చాడు. అంటే మంద్రస్వరాలు మాత్రమే పలికే స్పీకరన్నమాట. పది అంగుళాల వెడల్పు, అన్నం పళ్లెమంత ఉంది.

"దీనికి పెట్టె చేయించాలె నాయినా" అన్నాడు.

"ఇంత డబ్బు పోసి కొన్నాక మళ్లీ పెట్టె ఎందుకురా?" అన్నాను.

వాడు దాన్ని ఉత్తగా బల్లమీద పెట్టి మోగించాడు. ఇంత ఆకారమూ పీలగా మూలిగింది! స్పీకరు పళ్లెం ముందుకు కదిలినప్పుడు ఎదుటి గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది. ఆ రెండు అలలూ అంచు చుట్టూ తిరిగి కలిసి, అయిదులోంచి అయిదు తీసేసినట్టు, ఒకదాన్నొకటి మింగేస్తాయి. సెకనుకు 50 కంపనాల స్వరానికి అల పొడవు దాదాపు 7 మీటర్లు. దానికి పది అంగుళాల అంచు ఒక అడ్డా? అందుకని వెనక అలను పెట్టెలో బంధించాలి.

బంధించడంలో రెండు పద్ధతులున్నాయట. ఒకటి గాలి చొరని మూతపెట్టె. సైకిలు పంపు మూతి వేలితో మూసి నొక్కితే ఎదురుతన్నుతుంది చూడండి, లోపలి గాలి అలా స్ప్రింగులా పనిచేస్తుంది. 1954లో అమెరికాలో ఎడ్గార్ విల్చర్ ఈ కిటుకుతోనే చిన్న పెట్టెలోంచి లోతైన స్వరం పలికించాడు. రెండోది గొట్టం పెట్టె. కూజా మూతిమీద ఊదితే 'బుం'మంటుందే, అదే సూత్రం. మోత ఎక్కువ, పెట్టే పెద్దది. మావాడి స్పీకరుకు మొదటిదైతే 25 లీటర్లు చాలు, రెండోదానికి 45 కావాలి.

కుర్రవాడు ఏది కోరుకుంటాడో మీరే చెప్పండి! నాకు ఒళ్లు మండింది. మా అమ్మకు ఎనభై అయిదేళ్లు, కాళ్లు నడవవు. నెలకోసారి మహబూబ్‌నగర్‌లో మా అక్క ఇంటికి తీసుకుపోతాం. ఆమె మడత చక్రాల కుర్చీ ఉండేది డిక్కీలోనే.

"మీ నాయనమ్మ కుర్చీ నీ నెత్తిన పెట్టుకుంటావా?" అని కసిరాను. వాడు మారు మాట్లాడకుండా బయటికి పోయాడు.

మర్నాడు బల్లమీద వాడి కాగితం కనిపించింది. మొదటి పంక్తిలో కుర్చీ మడిచాక ఎంత పొడవు, ఎంత మందం రాసి ఉంది. రెండో పంక్తిలో డిక్కీలో మిగిలిన జాగా. దానికింద 'మూతపెట్టె' అని రాసి గీత గీశాడు. నేను కసరకముందే లెక్క వేసుకున్నాడన్నమాట.

సిగ్గేసింది. క్షమించరా అనడానికి నోరు రాక, "వడ్రంగి దగ్గరికి నేను పోతాలే" అన్నాను. 45, 30, 20 సెంటీమీటర్లని రాసుకుని 18 మిల్లీమీటర్ల ఎండీఎఫ్ పలక కోయించాను. అది బరువు, అదరదు. తడి మాత్రం తగలకూడదు. అతుకులన్నిటికీ జిగురు పెట్టి, లోపల సిలికాను పూయించాను.

తీరా మోగిస్తే లోతు లేదు, గుబగుబలాడింది. మావాడు టేపు పెట్టి చూశాడు.

"నాయినా, నేను రాసింది లోపలి కొలత" అన్నాడు మెల్లిగా.

నేను బయటి కొలత ఇచ్చాను! పలక మందం రెండువైపులా పోతే లోపల మిగిలింది 41.4, 26.4, 16.4. అంటే 27 లీటర్లు కావలసిన చోట 18. మూడోవంతు గాలిని చెక్క మింగేసింది.

"సారు రాసిచ్చినట్టే కోసిన, ఒక్క నూలు తప్పలే" అన్నాడు వడ్రంగి. అతని తప్పేముంది? రెండో పెట్టె నా పెన్షన్లోంచి తయారైంది. స్పీకరు మింగే రెండు లీటర్లు పోను సరిగ్గా 25 మిగిలాయి. పళ్లేన్ని మెల్లిగా నొక్కి వదిలితే తాపీగా పైకి లేచింది. గాలి ఎక్కడా కారడం లేదన్నమాట. సడన్ బ్రేకు వేస్తే ఎగిరి మీద పడకుండా పట్టీలతో బిగించాం. మొదటి పెట్టె మా ఇంటావిడ ఉల్లిగడ్డలకు తీసుకుంది.

ఆ నెల బయలుదేరాం. దేవరకొండ దాటాక మావాడు సన్నగా పాట పెట్టాడు. అమ్మకు కొన్నేళ్లుగా పాటలు వినపడవు. వయసుతో చెవి ముందు పోగొట్టుకునేవి సన్నని స్వరాలే, మాటల్లో తెలివినిచ్చేవీ అవే. అందుకే మేము మాట్లాడుతుంటే ఊరికే మా మూతులు చూస్తూ కూర్చుంటుంది. కల్వకుర్తి చేరేసరికి వెనక సీటులో ఆమె వేలు మోకాలిమీద తాళం వేస్తోంది.

"ఏడనో డప్పు కొడుతున్నరు బిడ్డా, జాతరనా?" అంది మనవడితో.

"అవు నాయనమ్మా, జాతరే" అన్నాడు వాడు, అద్దంలో నావైపు చూస్తూ.

జడ్చర్ల దాకా ఆ వేలు ఆగలేదు.