ఆసుపత్రి పేరులోని నవలారచయిత్రి

మధ్య ఇంగ్లండులోని ననీటన్ పట్టణంలో జార్జ్ ఇలియట్ పేరుతో ఒక ఆసుపత్రి ఉంది. కొద్ది మైళ్ళ అవతల మరొక ఆసుపత్రిలో పనిచేసే తెలుగు వైద్యుడొకాయన ఆ పేరును ఇరవై ఏళ్ళపాటు ఉత్తరాల మీద, రోడ్డు పక్కన బోర్డుల మీద చదువుతూనే ఉన్నాడు. ఎవరో భూరి విరాళమిచ్చిన పెద్దమనిషి కాబోలనుకున్నాడు. తీరా ఒక శనివారం ఛారిటీ షాపులో 'మిడిల్‌మార్చ్' అనే లావుపాటి నవల చేతికి తగిలింది. ఆ పేరు మేరీ ఆన్ ఎవాన్స్ అనే స్త్రీ పెట్టుకున్న కలం పేరని, ఆమె 1819లో ఆ ననీటన్ దగ్గరే పుట్టిందని అట్ట వెనుక చదివి సిగ్గుపడ్డాడు. అప్పటికి ఆయన వయసు 54.

ఇంగ్లీషు నవల అన్నది ఆయన బొత్తిగా ఎరుగని వస్తువేమీ కాదు. ఇంటర్మీడియట్‌లో డికెన్స్ నవలను కుదించి నాన్‌డిటెయిల్డ్ పాఠ్యంగా పెట్టారు. ఆ కుదింపును గైడు మరింత కుదించింది. గైడులోని కథాసంగ్రహాన్ని కంఠస్థం చేసి, మార్కులు తెచ్చుకొని, ఎంసెట్ ధ్యాసలో దానిని మరచిపోయాడు. నవలలంటే అమ్మ చదివేవి. వారపత్రికల్లోని సీరియళ్ళను ఆమె జాగ్రత్తగా చింపి, దబ్బనంతో కుట్టి, బ్రౌన్ పేపరు అట్ట వేసి దాచుకునేది. 'మిడిల్‌మార్చ్' కూడా 1871-72లో ఎనిమిది భాగాలుగా వెలువడిందని తెలిసినప్పుడు ఆయనకు మొట్టమొదట ఆ కుట్టు పుస్తకాలే గుర్తుకు వచ్చాయి.

మొదటి వంద పుటలు దాటడం ఆయనకు కష్టమైంది. ఆదర్శాలతో తపించే డొరోతియా, ఎన్నటికీ పూర్తికాని గ్రంథం రాస్తున్న వృద్ధ పండితుణ్ణి కోరి పెళ్ళాడటం, వాక్యానికి వాక్యం అంటుకట్టిన ఆ సుదీర్ఘ వ్యాఖ్యానం రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషికి నిద్రమాత్రతో సమానం. ఎన్నికల గొడవలున్న అధ్యాయాలను ఆయన నిస్సంకోచంగా వేగంగా తిప్పేశాడు. అయితే లిడ్‌గేట్ అనే యువవైద్యుడు కథలోకి అడుగుపెట్టాక పుస్తకం కింద పెట్టలేకపోయాడు.

కథాకాలం 1829 నుంచి 1832. పారిస్‌లో చదివి వచ్చిన లిడ్‌గేట్ చేతిలో, అప్పటికింకా అందరికీ అలవాటుకాని స్టెతస్కోపు ఉంటుంది. చిన్నతనంలో ఒక వానరోజున ఏమీ తోచక పాత విజ్ఞాన సర్వస్వం తెరిస్తే గుండె కవాటాల గురించిన వాక్యాలు కంటపడతాయి. అతని జీవితం అక్కడే మలుపు తిరుగుతుంది. ఊళ్ళోని పాత వైద్యుడు గుర్తించలేకపోయిన టైఫాయిడ్‌ను అతడు ఇట్టే పోల్చుకుంటాడు. తానే మందులు అమ్ముకోవడానికి నిరాకరించి తోటి వైద్యులకు శత్రువవుతాడు. వార్డు రౌండ్లు తెలిసినవాడికి ఆ ఈర్ష్యలు, గుసగుసలు ఏవీ కొత్తవి కావు. నూట యాభై ఏళ్ళ కిందటి స్త్రీకి, అందులోనూ వైద్యకళాశాల గడప తొక్కని స్త్రీకి, ఇదంతా ఎలా తెలిసిందని ఆయన పదేపదే విస్తుపోయాడు.

ఆపైన రాఫిల్స్ మరణం వస్తుంది. లిడ్‌గేట్ అప్పుల్లో మునిగి ఉండగా బుల్‌స్ట్రోడ్ అనే ధనికుడు వెయ్యి పౌండ్లు ఇస్తాడు. అతని గుట్టు తెలిసిన రాఫిల్స్ అప్పుడు అతని పర్యవేక్షణలోనే జబ్బుతో పడి ఉంటాడు. సారా ఇవ్వవద్దని, నల్లమందు మితం దాటకూడదని లిడ్‌గేట్ చెప్పి వెళతాడు. ఆ రాత్రి రెండూ తప్పుతాయి. మరునాటి ఉదయం రోగి ప్రాణం పోతుంది. ఏదో తేడా జరిగిందని లిడ్‌గేట్‌కు అనిపిస్తుంది. కానీ అడగడు. అలాంటి రోగికి సారా పట్టడం ఆనాటి వైద్యంలో మామూలే కనుక అది నేరమని తేల్చలేం. ఆ డబ్బు తీసుకొని ఉండకపోతే అతడు అడిగి ఉండేవాడా? నవలలో లిడ్‌గేట్‌ను తొలిచే ప్రశ్న ఇదే.

ఆ అధ్యాయం దగ్గర పుస్తకం మూసి, తెలుగు వైద్యుడు చాలాసేపు వంటింట్లో లైటు వేయకుండా కూర్చున్నాడు.

1997లో ఆయన ఇంగ్లండులో ఆరునెలల ఉద్యోగాల మీద బతుకుతున్నాడు. మూత్రపిండాలు దెబ్బతిన్న ఒక వృద్ధురాలికి డిజాక్సిన్ మోతాదు తగ్గించాలని చార్టులో రాశాడు. మరునాటి రౌండులో కన్సల్టెంటు ఆ గీత కొట్టివేసి, పాత మోతాదే కొనసాగించమన్నాడు. నాలుగోనాడు తెల్లవారుజామున ఆమె మరణించింది. గుండె వైఫల్యమని ధ్రువపత్రంలో రాశారు. అది అబద్ధమనడానికి ఆధారం లేదు, నిజమనడానికీ లేదు. కొడుకు వచ్చి "అమ్మ బాధపడిందా?" అని మాత్రం అడిగాడు. లేదన్నాడు ఆయన. ఉద్యోగం నెలాఖరుకు ముగుస్తుంది. తరువాతి ఉద్యోగానికి ఆ కన్సల్టెంటు రిఫరెన్సు లేఖ కావాలి. లేఖ వచ్చింది. ఎంతో ఉదారంగా రాసిన లేఖ.

ఈ సంగతి ఆయన ఇంట్లో కూడా ఎన్నడూ చెప్పలేదు. ఆనాడు తన నోరు నొక్కినది ఆ లేఖేనని తనకు తానైనా ఒప్పుకున్నది లేదు.

నవల చివర లిడ్‌గేట్ పరిశోధనలన్నీ అటకెక్కుతాయి. సంపన్న రోగుల మధ్య ప్రాక్టీసు బాగా సాగుతుంది. ధనికుల జబ్బైన గౌట్ మీద ఒక పుస్తకం రాస్తాడు. లోకం దృష్టిలో విజయవంతుడు, తన దృష్టిలో ఓడినవాడు. 50 ఏళ్ళకే చనిపోతాడు. ఆ వాక్యం చదివినప్పుడు ఆయన అసంకల్పితంగా తన వయసు లెక్కవేసుకున్నాడు.

తరువాతి వారం ఆయన దగ్గర పనిచేస్తున్న జూనియర్ డాక్టరమ్మాయి, కర్నూలు పిల్ల, రిఫరెన్సు కోసం వచ్చింది. ఆమె ఎదుటే ఫారం పూర్తిచేసి పంపేశాడు. పంపినట్టు తెర మీద చూపించాడు కూడా.

"నీ లేఖ వెళ్ళిపోయిందమ్మా. ఇక నా చేతిలో ఏమీ లేదు. ఈ ఆరు నెలల్లో నా వార్డులో నువ్వు చూసి, చెప్పలేకపోయినది ఏదైనా ఉందా?"

"అలాంటిదేం లేదు సార్" అని ఆమె లేచింది. తలుపు దాకా వెళ్ళి ఆగింది. తలుపు మూసి, తిరిగి వచ్చి కూర్చుంది.